ఫ్లోరిడా తేలేదాకా పేరు లేని పిల్ల

రెండు వేల సంవత్సరం, తల్లీ. నవంబరు నెల. ఇక్కడ వసంతం అయిపోవస్తోంది, ఎండ ముదురుతోంది. అదేగా నువ్వడిగింది? "తాతయ్యా, మీరిద్దరు తాతలూ ఎందుకు మాట్లాడుకోలేదంటే అమ్మ ఎప్పుడూ ఫ్లోరిడా అని ఊరుకుంటుంది, వాట్ హ్యాపెండ్ ఇన్ ఫ్లోరిడా?" అని. ఫ్లోరిడాలో జరిగింది పేపర్లో వచ్చింది. మిగతాది ఇక్కడ, ఈ కంగారూల దేశంలో, పారమట్టాలో జరిగింది. అది పేపర్లో రాలేదు. చెప్తాను. ఆ ఫోను అక్కడ పెట్టు. రికార్డు అవుతోందా? సరే.

అప్పుడు మీ అమ్మానాన్నా ఈ ఇంట్లో లేరు. స్టేషనుకి అవతల, మూడో అంతస్తులో రెండు గదుల యూనిట్. నువ్వు పుట్టి పదకొండు రోజులు. మీ అమ్మ పురిటికని నేనూ మీ అమ్మమ్మా ముందే వచ్చాం. మనవరాలు పుట్టిందని తెలియగానే మీ నాన్నవాళ్ల నాన్నగారు, అంటే మా బావగారు, బయల్దేరి వచ్చారు. మీ నానమ్మ అప్పటికే పోయింది. ఆడవాళ్లూ నువ్వూ ఒక గదిలో. మేమిద్దరం వియ్యంకులం హాల్లో. ఆయన సోఫా మీద, నేను పరుపు మీద. లేదు, లేదు. మొదటి వారం నేను సోఫా మీద. తర్వాత ఆయనకి నడుం పట్టేసిందని మార్చుకున్నాం.

ఆయన ఎవరనుకున్నావు? డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాడు. నేను తాలూకా ఆఫీసులో అటెండరుగా రిటైరయ్యాను. జిల్లాలు వేరులే. అయినా ఆ కుర్చీ ఆ కుర్చీయే, ఈ స్టూలు ఈ స్టూలే. మీ అమ్మా నాన్నా హైదరాబాదులో ఒకే కంపెనీలో పనిచేసి ఒకరినొకరు ఇష్టపడితే మేం బావగార్లమయ్యాం. ఆయన మంచివాడమ్మా. ఒక్కనాడు కూడా తక్కువగా చూడలేదు. "బావగారూ, మీరు కూర్చోండి, కాఫీ నేను తెస్తాను" అనేవాడు. నేనే, ఆయన కళ్లజోడు కోసం చుట్టూ చూస్తే చాలు, లేచి నిలబడేవాణ్ణి. ముప్పై ఏళ్ల అలవాటు. అది నాకు నచ్చేది కాదు. అయినా లేచేవాణ్ణి.

నేను అక్షరాలు నేర్చుకుంది మీ అమ్మ పుట్టాక. నీకు చెప్పానా? ఉద్యోగంలో చేరినప్పుడు నాకు సంతకం కూడా రాదు. మీ అమ్మ బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరం నా చేతికిచ్చి, పేరు రాయమన్నారు. తండ్రి రాయాలి, అది పద్ధతి. మా పురోహితుడు నా వేలు పట్టుకుని రాయించాడు. అందరూ బాగుందన్నారు. నేనూ బాగుందన్నాను. ఏం రాశానో నాకు తెలియదు. సుజాత అని పైకి చెప్పారు కాబట్టి అదే రాసుంటాననుకున్నాను. నాకైతే మా అమ్మ పేరు పెట్టాలని ఉండేది. మా వదిన పాత పేరంది. ఆ మర్నాటి నుంచి రాత్రిబడికి పోయాను. మార్కెట్ యార్డులో ఒక గోడౌను ఉండేది, అందులో నేర్పేవాళ్లు, కిరోసిన్ దీపం పెట్టి. హమాలీలు, రిక్షావాళ్లు, నేను. అక్కడ మొదట నా పేరు నేర్పారు. నేను మా అమ్మ పేరు కూడా నేర్పమన్నాను. వీరమ్మ. మూడక్షరాలు.

ఎక్కడున్నాం? ఆ, ఫ్లోరిడా.

ఆ రోజు బుధవారం. అమెరికాలో వాళ్లకి మంగళవారం రాత్రి, మనకి బుధవారం పగలు. పన్నెండు కావస్తోంది. మీ నాన్న ఆఫీసుకి పోయాడు. మేమిద్దరం టీవీ ముందు కూర్చున్నాం. ఆ దేశానికి అధ్యక్షుడెవరో ఫ్లోరిడా అనే ఒక్క రాష్ట్రంతో తేలుతుందని టీవీ వాడు చెప్తున్నాడు. బావగారు ఒకాయన వైపు. ఎందుకయ్యా అంటే ఆయన టై సరిగ్గా కట్టుకున్నాడట. నేను రెండో ఆయన వైపు. నాకు రెండో ఆయన గురించి ఏం తెలుసు? బావగారు మొదటాయన వైపున్నారు, అంతే.

పన్నెండింటికి పది నిమిషాలు తక్కువ. ఫ్లోరిడా మావాడిదే అని టీవీలో వేశారు. పెద్ద అక్షరాలు. నాకు చెప్పలేని ఉత్సాహం వచ్చింది. అప్పుడు అన్నాను: "బావగారూ, ఫ్లోరిడా మావాడిదైతే పిల్ల పేరు నేను పెడతాను. మీవాడిదైతే మీరు పెట్టండి."

అలా అడగకూడదు, నాకు తెలుసు. పేరు పెట్టే హక్కు మగపెళ్లివారిది. మీ నాన్నవాళ్లు అప్పటికే ఒక పేరు అనుకున్నారు కూడా, ప్రణవి. మావాడు గెలిచాడని టీవీలో చూశాక పందెం కడుతున్నానని కూడా నాకు తెలుసు.

ఆయన కమలాపండు ఒలుస్తున్నాడు. ఒలుస్తూనే అడిగాడు.

"బావగారూ, ఆ టీవీలో చెప్పేవాడు రిటర్నింగ్ ఆఫీసరా?"

"కాదండీ."

"అయితే సరే. పందెం."

రెండింటికి టీవీ వాడు ఫ్లోరిడా ఎవరిదో మాకు తెలియదు అన్నాడు. బావగారు నాకో కమలా తొన ఇచ్చాడు. సాయంత్రం ఆరు దాటాక ఫ్లోరిడా బావగారి వాడిదన్నాడు. మీ నాన్న ఆఫీసునుంచి వచ్చేసరికి బావగారు నీ ఉయ్యాల దగ్గర నిలబడి ప్రణవీ, ప్రణవీ అంటున్నాడు. ఎనిమిదింటికి టీవీ వాడు మళ్లీ తెలియదన్నాడు. నేను వెళ్లి, "బావగారూ, ఇంకా పిలవకండి" అన్నాను. ఆయన ఆపేశాడు. అంత నియమం మనిషి.

ఇరవై ఒకటో రోజుకి బారసాల అనుకున్నాం. అమెరికా కదా, వారంలో తేల్చేస్తారనుకున్నాం. తేల్చలేదు. బావగారే అన్నాడు, ఫలితం రాకుండా పేరు పెట్టడం సబబు కాదని. మీ అమ్మమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. "నా మనవరాలికి పేరు పెట్టడానికి అమెరికావాడి ఆర్డరు రావాలా? మీ ఇద్దరికీ మతి ఉందా?" అంది. మాకు ఉంది. అందుకే ఆగాం.

ఇంటికొచ్చి పిల్లని తూకం వేసే నర్సు ఉంటుంది కదా, ఆవిడ వారం వారం వచ్చి పేరేమిటని అడిగేది. మీ అమ్మ "నాట్ యెట్" అనేది. మూడోసారి ఆవిడ ఇంట్లో ఏమైనా సమస్య ఉందా అని మీ అమ్మని పక్కకి తీసుకెళ్లి అడిగింది. ఫ్లోరిడా అని చెప్పింది మీ అమ్మ. ఆవిడ అది రాసుకుంది. మీ నాన్న ఫారం పట్టుకు తిరుగుతున్నాడు, అరవై రోజుల్లో పేరు రాసి పంపాలి. "మామయ్యగారూ, ప్లీజ్" అనేవాడు. నేను లెక్కింపు అవుతోంది బాబూ అనేవాణ్ణి.

లెక్కింపు రోజూ చూశాం. అక్కడ ఓటంటే ముద్ర కాదు, అట్టకి చిల్లు పొడవాలి. కొన్నిటికి చిల్లు పూర్తిగా పడలేదు. ఆ ముక్క వేలాడుతోంది. కొన్నిటికి గుంట మాత్రం పడింది. ఒకతను ఆ అట్టని దీపానికెదురుగా పెట్టి, కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. రోజంతా అదే. నేనన్నాను, గుంట పడిందిగా, ఎవరికి వేద్దామనుకున్నాడో తెలుస్తోందిగా, లెక్కపెట్టండి.

"బావగారూ, అనుకోవడం చెల్లదు. గుర్తు చెల్లుతుంది. నేను ఆరు ఎన్నికల్లో కౌంటింగ్ చేశాను" అన్నాడాయన.

"నేను ఎనిమిదింటిలో పెట్టెలు మోశానండీ. తడి సిరా ముద్ర మడతలో రెండో గుర్తు మీద కూడా అంటుకుంటే పారేసేవారా? ఏది అసలో, ఏది అంటుకున్నదో చూసి లెక్కపెట్టేవారు కాదూ?"

"అది రూలులో ఉంది."

"వీళ్లకి రూలు లేదా?"

"అదే వెతుకుతున్నారు కోర్టులో."

మీ అమ్మమ్మ ఇద్దరి ముందూ మజ్జిగ పెట్టి వెళ్లిపోయేది.

నేనెందుకంత పట్టుబట్టానంటే, మా అమ్మ సంగతి చెప్పాలి. మా ఊళ్లో సర్పంచి ఎన్నిక. చదువు రానివాళ్లచేత కాగితమిచ్చేముందు వేలిముద్ర వేయించుకుంటారు. తర్వాత లోపలికెళ్లి, కాగితం మీద అక్కడున్న ముద్ర గుద్దాలి. మా అమ్మ లోపలికెళ్లి, అక్కడ కూడా తన వేలే అద్దింది. ఇంటికొచ్చి నాతో గొప్పగా చెప్పింది, "రెండుసార్లు వేశాన్రా, బాగా ఒత్తి వేశాను" అని. ఆ కాగితం చెల్లదు. నాకు తెలుసు, నేనా ఉద్యోగమే చేస్తున్నాను. చెప్పలేదు. బాగా వేశావమ్మా అన్నాను. తను వేసినవాడే గెలిచాడు, తన వల్లే గెలిచాడని చచ్చిపోయేదాకా చెప్పుకుంది.

ఇది బావగారికి చెప్పలేదు. చెబితే, "చెల్లదు కదండీ" అంటాడు. ఆయన అన్నదీ నిజమే.

డిసెంబరు పదమూడు మధ్యాహ్నం అక్కడి పెద్ద కోర్టు లెక్కింపు ఇక చాలంది. మర్నాడు ఒంటిగంటకి మావాడు టీవీలో కనబడి ఓడిపోయానన్నాడు. ఆ రాష్ట్రంలో అరవై లక్షల దాకా ఓట్లు పోలైతే తేడా ఐదు వందల ముప్పై ఏడు. మా మండలంలో ఒక వీధికి అంతకంటే ఎక్కువుంటారు. "లెక్కపెట్టకుండా ఆపారు బావగారూ, నేను ఒప్పుకోను" అన్నాను. "ఆయన ఒప్పుకున్నాడు కదండీ, మీరెవరు ఒప్పుకోకపోవడానికి?" అన్నాడు. కానీ నేను ఒప్పుకోలేదు.

ఆదివారం బారసాల. నీకు యాభై ఒకటో రోజు. పళ్లెం లేదు, అవెన్‌లో పెట్టే రేకు తీశారు. మన బియ్యం అయిపోయాయి, కింద కొట్లో దొరికే పొడుగు బియ్యం పోశారు. అవి జారతాయి, అక్షరం నిలవదు. మీ నాన్న స్నేహితుడొకాయన బ్యాంకులో పని, మంత్రాలొచ్చు, ఆయన చదివాడు. మీ నాన్న ఉంగరం తీసి రాయబోతుంటే బావగారు ఆపాడు.

"ఒరేయ్, ఆగు. బావగారూ, పందెం నేను గెలిచాను. పేరు నాది. చెయ్యి మీది. మీరు రాయండి."

ఆ మాట ఎందుకన్నాడో నాకు తెలుసు. మీ అమ్మ చెప్పి ఉంటుంది, తన బారసాలనాటి సంగతి. గదిలో అందరూ సంతోషపడ్డారు. మీ అమ్మకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. నేను ఉంగరం తీసుకున్నాను. కూర్చున్నాను. ఎవరూ నా వేలు పట్టుకోలేదు.

వీరమ్మ అని రాశాను.

అందరూ నిన్నే చూస్తున్నారు, నువ్వు ఏడుస్తున్నావు. బావగారొక్కడే రేకు వైపు చూస్తున్నాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. వంగి, నాకు మాత్రమే వినబడేట్టు, చాలా మెల్లగా అడిగాడు.

"పొరపాటున రాశారు కదా, బావగారూ?"

నాకు దారి చూపించాడమ్మా. పెద్దయ్యాక రాత్రిబడిలో నేర్చుకున్నవాణ్ణి, పొడుగు బియ్యం, చెయ్యి జారింది, అవునండీ అంటే అయిపోయేది. ఆయన నవ్వి, ఇలా రాయాలని చూపించేవాడు. నేను రాసేవాణ్ణి. అందరం భోజనానికి లేచేవాళ్లం.

"లేదండీ. తెలిసే రాశాను. నాకు అక్షరాలొచ్చు" అన్నాను. గట్టిగానే అన్నాను. అందరికీ వినపడింది.

ఏంటి? ఎందుకలా అన్నానా? ఎన్నిసార్లు ఆలోచించినా అదే అంటాను తల్లీ. తప్పు రాశానని చెప్పలేను. మిగతా ఏదడిగినా ఒప్పుకునేవాణ్ణి.

బావగారు అరచేత్తో బియ్యం నెమ్మదిగా సమంగా చేశాడు. నా చేతిలోంచి ఉంగరం తీసి మీ నాన్నకిచ్చాడు. మీ నాన్న ప్రణవి అని రాశాడు. మర్నాడు ఫారంలో అదే రాసి పంపాడు. మీ అమ్మ ఆ సాయంత్రం నాతో ఒకటే మాటంది, "ఆయన ఉంగరం నీ చేతికిచ్చాడు నాన్నా" అని. అంతే.

బావగారి టిక్కెట్టుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది. ఆ పద్దెనిమిది రోజులూ ఒకే హాల్లో పడుకున్నాం. కాఫీ ఎవరిది వాళ్లం తెచ్చుకున్నాం.

ఆయన ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. నేను ఫోను చేస్తే పనివాడు తీసేవాడు, అయ్యగారు పడుకున్నారనేవాడు. ఉదయం చేసినా అదే. నీ తమ్ముడు పుట్టినప్పుడు బారసాలకి ఆయన ఇక్కడికొచ్చాడు, మాకు మాత్రం పిలుపు రాలేదు. నా మూలంగా మీ అమ్మమ్మకి కూడా రాలేదు. ఆయన పోయిన సంగతి మీ నాన్న నాకు మూడోరోజున చెప్పాడు.