కాకులు బెదిరిన గొంతు

కారేపల్లి దాటాక అడవి అంచున ఓ తండా. రెండు మొక్కజొన్న చేల నడుమ గట్టు మీద భీమ్లా బ్యాటరీ తగిలించగానే మైకు మోత మొదలైంది. పక్క చేలోంచి వరసకు చిన్నమ్మ అయ్యే కమ్లి వచ్చింది.

"ముందుగాల గా మైకు బందు పెట్టు భీమ్లా. చెవులు తూట్లు పడుతున్నయ్."

"బందు పెడితే కాకులు దిగుతయి చిన్నమ్మా. మొలక పీకి కింది గింజ తింటున్నయి. ఇప్పటికే రెండోసారి నాటిన."

"నీ చేన్ల దిగకుంటే యాడికి పోతయి? అన్నీ నా చేన్లకే. పొద్దుగాల చూస్తే బొంతకాకులు సాలుకొకటి, కూలికొచ్చినోళ్ల లెక్క నడుస్తున్నయ్."

"కాపలాకు మనిషిని పెట్టుకో మరి."

"ఏ మనిషిని? ఉన్నది కోడలు సోని ఒక్కతే. అది అలిగి తల్లిగారింటికి పోయి పన్నెండు రోజులాయె."

"అలిగిందా?"

"మరి? నేనేమన్న అన్ననా? ఒక్క మాట అన్ననా దాన్ని? రేపు పంచాయితీల నువ్వే చెప్పాలె. పక్క చేనోడివి, రోజూ చూసేటోడివి."

"రేపా... రేపు నాకు కొత్తగూడెంల పని ఉన్నది."

"ఏం పని?"

"ఉన్నది లే, పని."

"పెద్దమనుషుల ముందట ఒక్క మాట చెప్పి పో. మా చిన్నమ్మ కోడల్ని పల్లెత్తు మాట అనది అని. గంతే. సోని రాకుంటే నా కొడుకు మనిషి అయ్యేటట్టు లేడు. అన్నం ముడుతలేడు. నాతోని మాట్లాడుతలేడు. నాకు భయమైతున్నది రా."

భీమ్లా వంగి మైకు వైరు బిగించసాగాడు.

"చెప్తవా?"

"చూద్దాం తీ."

"పోనీ గా మైకన్న ఇయ్యి, ఓ వారం."

"నీకు మైకెందుకు చిన్నమ్మా? నువ్వే ఒక్క కేక ఎయ్యి."

"నాకు గంత నోరు యాడిది? అవ్ గని, గా మైకుల ఆడమనిషి ఎవతి? మన లంబాడి మాటలల్లనే తిడుతుంది. ఏ తండాదో."

"దగ్గరి తండానే."

"సిగ్గూ శరం లేదు దానికి. 'లెగు, తిననీకే పుట్టినవ్, నీ కడుపు కాల' అని పొద్దు గూకేదాక అదే పాట. కాకుల్ని గట్లనా తిడతరు ఎవరన్న?"

"కాకులకైతే మంచిగ పనిచేసింది. ముందుగాల నా గొంతు పెట్టిన. మైకు మీదనే వచ్చి కూసున్నయ్. మా ఇంటామె హేమ్లి గొంతు పెట్టిన. అన్నం పెడుతదనుకున్నయో ఏమో, ఇంకా దగ్గరికొచ్చినయ్. గిది పెట్టినంక ఒక్కటి దిగలే."

"ఎట్ల దిగుతయి? కాకులకన్న సిగ్గుంటది. గసొంటి దాని ఇంట్ల కోడలన్నది నిలుస్తదా? ఆ ఇంటి మొగోళ్లు చెవులల్ల దూది పెట్టుకొని బతుకుతుండొచ్చు."

"నిలవలే."

"ఏంది?"

"ఏం లేదు. వైరు చూస్తున్న."

"యాడ దొరికింది నీకది?"

"తిడుతుంటే ఫోన్ల పట్టుకున్న. గట్టి గొంతు కావాలె గదా మైకుకు. నేను కాకుల కోసమే పెట్టిన చిన్నమ్మా, ఒట్టు. గింత దూరం పోతదనుకోలే."

"ఏం దూరం పోయింది? రేపు మాత్రం బందు పెట్టు. సోని తల్లిగారోళ్లు వస్తరు. గిది ఇన్నరంటే మన తండా ఆడోళ్లంతా గసొంటోళ్లే అనుకుంటరు."

"వాళ్లు ఇన్నరు."

"ఎప్పుడు?"

"మొన్న సోని అన్న బాలకృష్ణ రోడ్డు మీద బండి ఆపిండు. మైకు ముందట ఫోన్ పెట్టి మొత్తం ఎక్కించుకపోయిండు."

"ఎందుకట?"

"రేపు పెద్దమనుషులకు వినిపిస్తడట."

"వినిపించుకోనీ. ఎవతో పనికిమాలిన దాని నోరు వినిపిస్తే నాకేంది?"

"ఎవరి గొంతు వాళ్లకు తెల్వదంటే ఏమో అనుకున్న. తండా మొత్తం గుర్తుపట్టింది చిన్నమ్మా. ఆ మైకుల నువ్వు సోనిని తిడుతున్నవ్."