ముసుగులో పెంచిన పిల్ల

"టీ కాస్త పెద్ద గ్లాసులో పొయ్యక్కా, పొద్దున్నించి నోరు విప్పలేదు, దవడలు పట్టేశాయి. నవ్వకండయ్యా! మా పక్షుల కేంద్రంలో మాట్లాడితే ఉద్యోగం ఊడుతుంది. మనిషంత ఎత్తు బెగ్గురు పక్షులు, ఇప్పుడు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. వాటి పిల్లల్ని పెంచి మడుగులో వదలడం మా పని. పిల్ల మనిషికి మాలిమైతే బయట బతకదు. అందుకని నెత్తి నుంచి కాళ్లదాకా తెల్ల ముసుగు, చేతికి తల్లిపక్షి తలలాంటి తొడుగు. దగ్గినా తప్పే."

"నువ్వు మాట్లాడకుండా ఉండటమా? నువ్వు కోసే కోతలన్నిట్లోకీ ఇదే పెద్ద కోత" అంది టీకొట్టు అక్క.

"విను మరి! ఏడో నంబరు పిల్ల మూడ్రోజులు మేత ముట్టలేదు. డాక్టరే ఆశ వదిలేశాడు. నేను తొడుగు ముక్కుతో పురుగుని పొడిచి చూపించా, పొడిచి చూపించా, నూరోసారికి తింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డాన్సు నేర్పా. నేను గెంతితే అది గెంతింది, పక్క దొడ్లో ముసలివి గెంతాయి, ఫైళ్లు పట్టుకుని మా ఆఫీసరూ గెంతాడు!"

"ఎగరడం కూడా నువ్వే నేర్పావా?" అన్నాడు లారీ డ్రైవరు.

"మరెవరు? గట్టు మీద చేతులాడిస్తూ పరిగెత్తానా, కాళ్లు నేల వదిలేశాయి! డ్రైవరు బావా, నీ మేడమీద ఆరేసిన పసుపు లుంగీ పోయిందన్నావే, నా కాలికే తగులుకుంది. అలా సముద్రం దాకా వెళ్లాం. దారిలో కలిసిన బెగ్గురు గుంపులో ముసలి పక్షి పక్కకి తప్పుకుని, మీరు ముందుండండి అంది."

"అక్కడే ఉండిపోవాల్సింది!" అన్నాడు డ్రైవరు.

"ముసుగు కేంద్రానిది కదా, సాయంత్రం సంతకం పెట్టి ఇచ్చెయ్యాలి. అందుకే నేను తిరిగొచ్చా, అది వెళ్లిపోయింది." గ్లాసు కిందపెట్టాడు. "రెండేళ్లయింది. ఏ గుంపు దిగినా ముందు కాళ్లే చూస్తా, మేం దానికి తొడిగిన ఎర్ర రింగు ఉందేమోనని. నీ కూతురొచ్చిందా అని ఇంట్లో ఆవిడ రోజూ అడుగుతుంది. బెంగపడ్డానంటే నమ్మండి. ఈ పొద్దున వచ్చిందయ్యా! నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి, మెడ నా భుజం మీద పెట్టి, రెండేళ్ల కష్టసుఖాలన్నీ చెప్పుకుంది!"

బల్ల చివర కూర్చున్న కేంద్రం వాచ్‌మన్ ఇటు తిరిగాడు.

"అన్నా, నేనూ గట్టు మీదే ఉన్నా. వచ్చింది నిజమే. నువ్వు ముసుగు లేకుండా చొక్కాతో పరిగెత్తావు. చిట్టితల్లీ అని కేకేశావు. దానికి నీ మొహం తెలీదు, నీ గొంతు తెలీదు. నువ్వు ఇంకా వంద అడుగుల దూరంలో ఉండగానే ఎగిరిపోయింది."



"ముసుగు వేసుకుంటే ఆగేదేమో కదా" అంది అక్క మెల్లగా.

"ఆగేది. ఒక్కసారి నా మొహంతో చూద్దామనిపించింది, అంతే." ఖాళీ గ్లాసు అక్కకిచ్చాడు. తర్వాత వాచ్‌మన్ వైపు తిరిగాడు.

"వంద కాదురా, నూట యాభై. అడుగులేసి కొలిచా. మనిషి కనపడితే అంత దూరంలోనే ఎగిరిపోవాలని దానికి నేర్పింది ఎవరనుకున్నావు? నేనే!"

ఈసారి అది కోత అని ఎవరూ అనలేదు.