వెనక గది కిటికీ తెరిచింది ఎవరంటే

నేను బట్టలు సరిచేసే దుకాణంలో మిషను కుడతాను. వయసు నలభై ఆరు. దుకాణంలో అందరికీ పిన్నిని. స్టేషనులో అధికారి గారు అడగగా చెబుతున్నాను.

దుకాణం వెనక గదిలో నేనూ, బొత్తాలు కుట్టే అక్కా పనిచేస్తాం. ఆ గదికి ఒకటే కిటికీ. మేము వీధి చూస్తూ కూర్చుంటామని యజమానిగారు దానికి చెక్కలు కొట్టించారు. పక్కనే ఇస్త్రీ బల్ల. ఇక ఉక్క సంగతి చెప్పక్కర్లేదు. తీయించండి మహాప్రభో అని అక్క అడగని రోజు లేదు. అందుకే చెక్కలు పీకి చట్రం విరగ్గొట్టింది అక్కేనని భవనం అద్దెకిచ్చినాయన ఫిర్యాదు చేశాడు. అదే ఖాయమైతే అక్క పని పోతుంది. అక్క ఆ కిటికీని ముట్టుకోలేదు.

నిన్న మధ్యాహ్నం యజమానిగారు తాను వేసుకున్న ప్యాంటే విప్పి ఇచ్చి, నడుము వదులు చేయమన్నారు. సాయంత్రం పెళ్ళికి వెళ్ళాలట. ముందు గదికి అద్దాల తలుపు కాబట్టి, అంచు కుట్టడానికొచ్చిన కర్టెను చుట్టుకుని మా గదిలో స్టూలు మీద కూర్చున్నారు. పొద్దుటి నుంచీ నడుములు బిగించిన చేతులు కదా, అలవాటుగా ఆయనదీ ఇంకాస్త బిగించేశాను. కుట్లన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆయన చెమటతో తడిసి ముద్దయ్యారు.

"అమ్మబాబోయ్! ఇందులో ఎలా కూర్చుంటున్నారమ్మా?"

"రెండ్రోజులు ఓపిక పట్టండి, అలవాటైపోతుంది," అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ. "మీరు మాకు చెప్పిన మాటే లెండి."

ఆయన లేచి సుత్తి తెచ్చారు. చెక్కలు ఊడాయి, చట్రం ఒక పక్క చీలింది. గాలి దూసుకొచ్చింది. గాలండీ, మా గదిలోకి! దారప్పోగులన్నీ లేచాయి. కర్టెనూ లేవబోతే ఆయన సుత్తి వదిలేసి రెండు చేతులా దాన్ని పట్టుకున్నారు. సుత్తి కాలి మీద పడింది. అక్క నవ్వింది, నేను నవ్వాను, కుంటుతూ ఆయనా నవ్వారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇప్పుడేమో కర్టెను సంగతి నలుగురికీ తెలుస్తుందని ఆయన నోరు విప్పడం లేదు. ఆయన సిగ్గు కోసం అక్క పొట్ట కొడతారా? రాసుకోండి, కర్టెనుతో సహా.

చెప్పినదంతా కళ్ళారా చూసిందే. రాసింది చదివి వినిపించారు, సరిగ్గానే ఉంది. ఒక్క మనవి. సాక్ష్యం కోసమని పట్టుకొచ్చిన ఆ చెక్కలు మాకు తిరిగివ్వకండి. ఇక్కడే ఉంచేసుకోండి.

(ఎడమ బొటనవేలి ముద్ర)