సుద్దముక్క ఎక్కడ పెట్టావు?

హాస్టల్ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో రిటైరైన బడి మాస్టారు కూర్చున్నారు. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకుని, ఇప్పుడు సాహిత్యం మీద పరిశోధన చేస్తూ పత్రికకు పుస్తక సమీక్షలు రాస్తున్న శిష్యుడు, పరీక్షలో కాపీ కొడుతూ దొరికినవాడిలా మంచం అంచున కూర్చున్నాడు.

"దాచకు. చేతిలోది ఇలా ఇవ్వు."

"దాచడానికేముంది మాస్టారూ, ఆదివారం పత్రికలో వస్తుందిగా. అప్పుడే చూద్దురు. టీ తాగుతారా? కింద క్యాంటీన్లో..."

"టీ వద్దు. నా నవల మీద నువ్వు రాసింది నేను చూడకూడదా?"

"అయ్యో, చూడకూడదని కాదు. బాగానే రాశాను."

"బాగా రాశావనే ఎడిటరు ఫోన్లో చెప్పాడు. అందుకే బస్సెక్కి వచ్చాను. ఇవ్వు."

"ఇదుగోండి."

"కళ్ళజోడు తేవడం మర్చిపోయాను. నువ్వే చదువు. పైకి చదువు."

"ఇప్పుడా?"

"బళ్ళో చదవలేదూ? నిలబడక్కర్లేదులే, కూర్చునే చదువు."

"'ఇటీవల వచ్చిన నవలల్లో ఇది తలమానికం. ప్రతి వాక్యమూ ఒక ఆణిముత్యం. చేయి తిరిగిన రచయితలకైనా సాధ్యం కాని శిల్పం...'"

"ఆపు."

"ఇంకా ఉంది మాస్టారూ."

"ఉంటుందిలే. తొమ్మిదో తరగతిలో నువ్వు వ్యాసంలో ఆణిముత్యం అని రాస్తే ఏం చేశాను?"

"కొట్టేశారు. 'ముత్యం నువ్వెప్పుడైనా చూశావట్రా' అని అడిగారు."

"ఇప్పుడు చూశావా?"

"సమీక్షలంటే కొంచెం అలాగే రాస్తారు మాస్టారూ. అందరూ..."

"అందరి సంగతీ నాకు తెలుసు. ఆవిష్కరణ సభలో అందరూ పొగిడారు. గంటసేపు పొగిడిన పెద్దమనిషికి పుస్తకం పేరే గుర్తు లేదు, పక్కవాణ్ణి అడిగాడు. వాళ్ళ మాట నాకెందుకు? నీ దగ్గరికి ఎందుకొచ్చాననుకున్నావ్?"

"ఎందుకొచ్చారు?"

"రెండో నవల సగమైంది. పూర్తి చెయ్యాలో మానాలో తెలియట్లేదు. నిజం చెప్పేవాడివి నువ్వొక్కడివే అనుకున్నాను."

"పూర్తి చెయ్యండి."

"నా మొహం చూసి చెప్పు."

"చెయ్యండి మాస్టారూ. రిటైరయ్యాక ఏదో ఒక కాలక్షేపం..."

"కాలక్షేపానికి పేకాట ఉంది. ఆ గోడ మీద ఏదో అంటించావే, ఏంటది?"

"ఏదో లెండి. నాకోసం రాసుకున్నాను."

"పెద్దక్షరాలేగా, కళ్ళజోడు లేకపోయినా కనిపిస్తున్నాయి. 'నచ్చనిదాన్ని నచ్చిందనను.' ఎవరు చెప్పిన మాటరా?"

"మీరే. ఇన్నాళ్ళూ తప్పలేదు మాస్టారూ. మా డిపార్ట్‌మెంటు హెడ్డు పుస్తకం బాగాలేదని రాసి ఆయన కంట్లో నలుసునయ్యాను. ఇవాళ్టికీ నా ఫైలు మీద సంతకం పెట్టడు. ఎవరి దగ్గరా తలవంచలేదు. మీ ఒక్కరి దగ్గరే..."

"అంటే నా పుస్తకం నచ్చలేదన్నమాట."

"నేనలా అన్లేదు."

"సరే, ఒక్కటే అడుగుతాను. క్లాసులో ఒక్కొక్కళ్ళనీ లేపి కథలు చదివించేవాణ్ణి, గుర్తుందా?"

"ఎలా మర్చిపోతాం? మీ చేతిలో సుద్దముక్క ఉండేది. విసుగొస్తే బల్ల మీద టక్కున పెట్టేవారు. ఆ చప్పుడు వినగానే కూర్చోవాలి. కథ అక్కడితో చచ్చిందని లెక్క."

"నా నవలలో సుద్దముక్క ఎక్కడ పెట్టావు?"

"అదేం ప్రశ్న మాస్టారూ?"

"ఎక్కడ?"

"పెట్టలేదు."

"చివరిదాకా చేతిలోనే ఉందా?"

"నన్ను వదిలెయ్యండి మాస్టారూ. మా నాన్న బడి మానిపించి నన్ను వర్క్‌షాపులో పడేస్తానన్నప్పుడు, మా గుమ్మం ముందు మీరు పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కదలకుండా నిలబడ్డారు. ఆయన తిట్టిన తిట్లన్నీ పడ్డారు. మీ పుస్తకాల బీరువా తాళం నా చేతికిచ్చారు. మీరు లేకపోతే నేనీపాటికి చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ ఉండేవాణ్ణి. అలాంటి మీ పుస్తకాన్ని పట్టుకుని చీల్చి చెండాడమంటారా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టమంటారా?"

"ఓహో. కృతజ్ఞతన్నమాట."

"తప్పా?"

"కృతజ్ఞత ఉంటే నాకు చూపించు. చదివేవాళ్ళ నెత్తిన రుద్దుతావెందుకు? వాళ్ళేం చేశారు నీకు? నేనా గుమ్మం ముందు నిలబడింది ఒక భజనపరుణ్ణి తయారు చేయడానికా?"

"రెండో పేజీ."

"ఏంటి?"

"సుద్దముక్క రెండో పేజీలోనే పెట్టేశాను. చాలా?"

"రెండోదా..."

"మీరే అడిగారు."

"అడిగాను. ఎందుకో చెప్పు."

"మీ నవలలో మాస్టారు పుట్టి బుద్ధెరిగి ఒక్క తప్పు చెయ్యడు. ఆయన తుమ్మినా జనం చప్పట్లు కొడతారు. భార్య ఉంది గానీ నోరు లేదు, కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. మీ ఇంట్లో అమ్మగారేరి మాస్టారూ? మీరు క్లాసులో అరిచి అరిచి ఇంటికొస్తే, 'ఆ గొంతు బళ్ళోనే వదిలేసి రండి, ఇంట్లో నాది ఉందిగా' అనేవారు. ఆ ఒక్క మాట ఉంటే నవల లేచి కూర్చునేది."

"అలాంటివి నవలలో రాసే మాటలు కావనుకున్నాను."

"ఇంకేం రాస్తారు మరి? పెన్ను దొంగిలించాడని మా గుండుగాణ్ణి కొట్టారు. వాడు కాదని తేలాక, క్లాసంతా చూస్తుండగా వాడి బెంచీ దగ్గరికెళ్ళి 'తప్పు నాదిరా' అన్నారు. మనిషంటే ఇలా ఉండాలని ఆ రోజే అనుకున్నాను. నాకు తెలిసిన ఆ మనిషి మీ పుస్తకంలో లేడు. మీరే లేరు. కుర్చీలో కూర్చోబెట్టిన విగ్రహం ఉంది."

"ఊఁ."

"మాస్టారూ?"

"వింటున్నాను. చెప్పు."

"రెండోది కూడా ఇలాంటిదే అయితే వద్దండి. మానెయ్యండి."

"ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు."

"క్షమించండి. నాకూ బాధగానే ఉంది. కానీ చెప్పాక గుండె మీంచి బండ దింపినట్టుంది. మీరు కాబట్టి ఇంత దూరం వచ్చి నిజం అడిగారు. ఇంకొకళ్ళైతే పొగడ్త చూసి పొంగిపోయి ఇంట్లో కూర్చునేవారు. ఉండండి, ఎడిటరుకి ఫోన్ చేస్తాను."

"ఇప్పుడెందుకు?"

"సమీక్ష ఆపెయ్యమని. సాయంత్రం దాకా అచ్చుకి వెళ్ళదు. నిజం రాయలేకపోతే మానేస్తాను గానీ ఈ అబద్ధం మాత్రం వద్దు. మీరు నేర్పిన చదువుకి ఇదొక్కటైనా... రింగవుతోంది."

"ఒరేయ్."

"ఒక్క నిమిషం మాస్టారూ. హలో, సార్, నేనేనండి. మా మాస్టారి నవల మీద నేను పంపింది ఉంది చూశారూ, దాన్ని..."

"ఫోన్ ఇటివ్వు."

"ఎందుకు మాస్టారూ, నేను చెప్తానుగా."

"ఇవ్వమన్నానా! నమస్కారమండీ, నేను, ఆ నవల రాసినవాణ్ణి. అబ్బే, మార్పులేం లేవు, అంతా అలాగే ఉండనివ్వండి. అడగడానికి మావాడు మొహమాటపడుతున్నాడు, అంతే. సమీక్ష పక్కన నా ఫోటో కొంచెం పెద్దది వేస్తారా అని."