కట్టు ముందా, బండ ముందా

1981 ఫిబ్రవరి 8, ఆదివారం. అసర్ నమాజు ముగించి తస్బీ పూసలు చేతిలోకి తీసుకునేసరికి గోడ గడియారం ఐదు కొట్టింది. ఎమ్మిగనూరులో మా ఇంటి అరుగు మీద సర్దార్ మామూ అప్పటికే గొంతు సవరించుకుంటున్నాడు.

మామూ మా అమ్మకు తమ్ముడు. ఆదోని పత్తి మిల్లులో లారీలకు బేళ్ళు ఎక్కించే పని. ఆదివారం బస్సెక్కి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడంటే, చైనా పిక్చర్ల పిచ్చి పట్టిన మగపిల్లలకు ఆయనే ఉస్తాదు. ఏ పిక్చరు చూడాల, ఏ జపాన్ పాట వినాల, ఏ హీరో ఫోటో దాచుకోవాల, అన్నీ ఆయన చెప్పినట్టే. వాళ్ళందరిలోకి ముందుండేవాడు నా తమ్ముడు పీరా. అబ్బాజాన్ పోయినాక మా మగ్గం మీద కూర్చునేది వాడొక్కడే.

ఆ పొద్దు వాని కుడి చెయ్యి మణికట్టు దాకా గుడ్డలో ఉంది. మామూ చెప్పి పంపినట్టే సున్నం, మినప్పిండి, కోడిగుడ్డు తెల్లసొన కలిపి పొద్దున్నే పట్టించి కట్టుకున్నాడు. తెల్లారితే, మామూ చెప్పిన చైనా పిక్చరులో హీరో మాదిరి, టెంటు టాకీసు ముందర నాపరాతి బండను అరచేత్తో రెండు ముక్కలు చేస్తానని వీధంతా చెప్పి పెట్టినాడు. వద్దురా అని అక్కగా నేనూ, అమ్మా ఎంత చెప్పినా, "మీకు తెలీదు ఆపా, మామూకు తెలుసు" అన్నదే మాట.

వెంట్రుక లాంటి పోగులను ముడి వేసే వేళ్ళవి. నేను పరదా వెనక నిలబడి తస్బీ తిప్పుతున్నాను గానీ లెక్క నిలవడం లేదు.

"నేనేమన్నా గొప్పలు సెప్పుకునేటోన్నా?" అని మొదలుపెట్టినాడు మామూ. "ఉన్నది సెప్తా. మన మిల్లు పత్తి బొంబాయికి పోతాంటే బేళ్ళతో పాటు నేనూ పోయినా. రేవు పక్కన హాల్లో ఈ పిక్చరు ఆడతాండాది. సూసినా. అంతే."

"మన టెంటులో గూడా ఆడిందంట గదన్నా," అన్నాడు ఎదురింటి బజారి. "రెండు పొద్దులే ఆడిందంట. నేను కోసిగిలో ఉంటి. పీరా ఎవరిదో పెళ్ళికి చీరలు నేస్తా మగ్గం దిగలే."

"టెంటులో ఆడింది నీడప్పా. నేను సూసింది నిజం. ఏమైందో తెలుసునా? నేను బయటికొచ్చి ఆ పిక్చరులో బాగున్నదేది, బాగలేనిదేది అని పక్కనోనికి సెప్తాంటే, వాడు హాంకాంగు ఓడలో వంటోడు. 'అయ్యా, మా దేశంలో పిక్చరును ఇట్ల ఇడమరిచి సెప్పే మొగోడు లేడు' అని నా చెయ్యి పట్టుకొని ఓడెక్కించినాడు. నేను ఒద్దొద్దంటి. బేళ్ళ మీదనే పండుకొని పోయినా."

"ఓడలో కడుపులో తిప్పలేదా అన్నా?"

"నాకా? సముద్రానికే తిప్పింది. ఇను. హాంకాంగులో దిగితినా, నేనుండే లాడ్జి ముందర పొద్దున్నే జనం. టిక్కెట్టు కొనేముందు నన్నడగాల. నేను తల ఊపితే ఆ హాలు నిండె. నేను దగ్గితే ఆ హాలు మూసిరి. ఒకనాడు నిజంగానే జలుబు చేసి దగ్గినా, పాపం, మంచి పిక్చరు ఒకటి పోయింది."

బజారి నవ్వినాడు. పీరా నవ్వలేదు. కట్టు ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకొని మామూ నోటివైపే చూస్తున్నాడు. అబద్ధమని తెలిసి నవ్వేవాడికి భయం లేదు, నమ్మి నవ్వనివాడి గురించే నా భయం.

"ఆడికి జపాన్ నుంచి పాటలు పాడే ఆడపిల్ల వచ్చినాది. 'మామూ, నా పాట ఎవరూ ఇంటలేరు' అని ఏడ్సింది. నేను ఇనినా. తాళం తప్పు. మన మగ్గం ఎట్ల కొట్టుకుంటాది, టక్కు టకటక టక్కు, అట్ల కొట్టమంటి. ఇప్పుడు జపానంతా అదే తాళం. ఇదిగో ఆ క్యాసెట్టు."

"పెట్టు మరి, ఇందాం."

"మన మిషన్ల మీద పలకదప్పా. వాళ్ళు కుడి నుంచి ఎడమకు తిప్పుతారు."

ఆ సమయానికే ఉచ్చీరమ్మ గంపతో వచ్చింది. టెంటు గేటు పక్కన ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్మే మనిషి, సాయంత్రం ఆటకు పోతూ మా ఇంట నీళ్ళు తాగి పోతుంది. చెంబు ఇస్తూ, "ఒక్క గడియ కూర్చో అమ్మా," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఇంట్లో ఇంకొక పెద్ద మనిషి ఉంటే ధైర్యమనిపించింది. ఆమె పీరా చేతిని చూసింది, గంప దించి గడప పక్కన కూర్చుంది.

"అసలు హీరో దగ్గరికి రా మామూ," అన్నాడు పీరా.

"వస్తాండా. హీరో ఇంటికి పిలిచినాడు. ఆయన పేరు నాకు తెలుసు, మీ నోరు తిరగదు. మీరు ఆయన ఫోటోలు దాచుకుంటారే, ఆయన గోడ నిండా నా ఫోటోలు. నా చెప్పుకు తెగిన తోలు పట్టీ గూడా అద్దం పెట్టెలో పెట్టుకున్నాడు. 'నీ బలమెట్ల వచ్చిందప్పా' అంటి. దాపరికం లేకుండా సెప్పినాడు. పిక్చరులో సూపిచ్చిందంతా నిజమే. ముసలి గురువు సచ్చిపోతాడు. సచ్చినోడు మళ్ళా లేచొచ్చి, హీరో చేతికి మందు పూసి కట్టు కడతాడు. మరుసటి పొద్దున ఆ చేత్తో బండ మీద ఒక్కటేస్తే, బండ రెండు. నేనూ కట్టుకుంటి. నాపరాయి ఏముంది, ఆదోని కోట కొండ ఉందే, ఆ చీలికలు యాడినుంచి వచ్చినాయనుకున్నావు?"

"ఆ చీలికలు మా తాత పుట్టకముందు నుంచీ ఉండాయి గదన్నా."

"అవి పాతవి. నేను పక్కన కొత్తవి యేసినా."

"ఎప్పుడు కొట్టాల మామూ? కట్టు ఇప్పినాకనా, కట్టుతోనా?" పీరా గొంతులో ఆట లేదు.

మామూ ఒక్క క్షణం వాణ్ణి చూసినాడు. అక్కడ ఆగి ఉంటే బాగుండేది. అరుగు మీద వినేవాళ్ళు ఉండగా ఆయన ఆగలేడు. "ఇప్పి కొట్టు. బిస్మిల్లా అని కొట్టు. మెల్లగ కొడితే పనికిరాదు, ఊపిరి బిగపట్టి బలం కొద్దీ కొట్టు."

నా చేతిలో తస్బీ ఆగిపోయింది. అల్లా పేరు కూడా ఆ దెబ్బకు తోడు చేస్తున్నాడే అని నాకు ఏడుపొచ్చింది.

ఉచ్చీరమ్మ చెంబు కింద పెట్టింది. "సర్దారప్పా, ఒక మాట. ఆ హీరో కడాకు దొంగలతో కొట్లాడింది ఏ చేత్తో?"

"ఎడమ చేత్తో."

"ఎందుకప్పా, కుడి చెయ్యి అంత గట్టి అయినాక?"

"అదే మరి ఆయన గొప్ప. కుడి చెయ్యి ఎత్తితే ఊరు మిగలదని దాచి పెట్టుకున్నాడు."

"హాంకాంగులో గూడా ముసలోడు సచ్చి లేచినాడా?"

"లేచినాడు. ఆడ అందరూ లేచి నిలబడి సలాం చేసిరి."

"అట్లయితే హాంకాంగుకు గూడా రీలు డబ్బా ఆదోని బస్సులోనే రావాలేమో," అంది ఉచ్చీరమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు. మామూకు మాత్రం అయినట్టుంది, బీడీ కోసం జేబు వెతుక్కున్నాడు.

"ఆదోని హాలుకూ మన టెంటుకూ కలిపి ఒకటే పిక్చరు కాపీ వస్తాదప్పా," అని ఆమె పీరా వైపు తిరిగింది. "ఆడ ఆడిన రీళ్ళు డబ్బాలో పెట్టి బస్సుకేస్తారు. మొదటి పొద్దు నడిమి డబ్బా రాలే. ఆపరేటరు ఏం చేస్తాడు, చేతిలో ఉన్నవి వరస లేకుండా ఆడిచ్చినాడు. ముసలోడు సచ్చేది అయిపోయినాక, బతికుండి కట్టు కట్టేది వచ్చింది. డబ్బా వచ్చినాక బండ కొట్టేది కడాకు యేసినాడు. జనం ఈలలేసి నా శెనక్కాయ పొట్టు తెర మీదికి ఇసిరిరి. సచ్చినోడు లేచొచ్చింది ఈ లోకంలో మన టెంటులో ఆ ఒక్క ఆటకే. మీ మామ నా గంప పక్కనే కూర్చోని సూసినాడు. మరుసటి పొద్దు సరిగ్గా ఆడినారు. అప్పటికి ఈయప్ప ఆదోనికి పోయినాడు."

"సరిగ్గా అంటే?" అన్నాడు బజారి.

"హీరో పొగరెక్కి బండ కొడతాడు. బండా పగిలింది, చెయ్యీ పగిలింది. అప్పుడు ముసలోడు వచ్చి కట్టు కట్టినాడు, ఆ తర్వాతే సచ్చిపోయినాడు. కట్టు కట్టినందుకు బండ పగల్లేదు నాయనా. బండ కొట్టినందుకు కట్టు కట్టినారు. ఆ చేత్తో వాడు మళ్ళా గిన్నె గూడా ఎత్తలే. అందుకే ఎడమ చెయ్యి. సున్నం, గుడ్డు, మినప్పిండి అంటే ఎముక ఇరిగినోనికి కట్టేదని మీ అమ్మను అడిగినా సెప్తాది."

పీరా తల ఎత్తలేదు. వీధంతా చాటుకున్న మాట వాని మెడ మీద బరువుగా ఉంది, నాకు కనిపిస్తానే ఉంది. ఎవరైనా నవ్వితే ఆ రోషానికైనా పోయి కొట్టేవాడు. బజారి మంచివాడు, నవ్వలేదు. "నేను సెప్తాలే టెంటు కాడ, బండ కొట్టే ఆట రద్దయిందని," అన్నాడు.

పీరా కట్టు లోపల వేళ్ళు కదిలించి చూసుకున్నాడు. గుడ్డ ఎండి బిగుసుకొని ఉంది. పరదా వైపు తిరిగి, "ఆపా, వేన్నీళ్ళు పెట్టు," అన్నాడు.

నేను తస్బీ గూట్లో పెట్టి పొయ్యి అంటించినాను.

మరుసటి పొద్దున ఫజర్ నమాజు చదివి, ఎండ రాకముందే ఇంటిల్లిపాదీ వీధిలో పడుగు నిలువు పోగులను సాగదీసినాం. అమ్మ గంజి పట్టుకుంది, నేను కుంచెతో పోగులకు పట్టిస్తూ పోయినాను. నా వెనకే పీరా, తెల్లగా నానిపోయిన వేళ్ళతో తెగిన పోగులను వెతికి ముడి వేస్తూ వచ్చినాడు. మామూ బస్సుకు పోలేదు. పడుగు కొనకు కట్టిన తాడు పట్టుకొని ఒళ్ళంతా వెనక్కి వాల్చి నిలబడినాడు.

బజారి పళ్ళు తోముకుంటూ వచ్చి, "అన్నా, టెంటుకు కొత్త చైనా పిక్చరు వచ్చిందంట, సూడమంటావా?" అని అడిగినాడు.

మామూ తాడు సడలకుండా చూసుకుంటా, "మొదటి పొద్దు పోవాకప్పా," అన్నాడు. "రెండో పొద్దు పోయి సూడు."