తప్పులు చెప్పుకునే సోమవారం

హలో… ఆ, నేనే బాబాయ్. డిపో నుంచే.

మీరు ఫోన్ ఎత్తుతారనుకోలేదు…

పెట్టేయకండి. రెండు నిమిషాలు… పోనీ, ఒక్క నిమిషం.

…అవును. మీ సస్పెన్షన్ కాగితం మీద సంతకం నాదే. పెట్టనని పై ఆఫీసులో పెద్దాయన గదిలో గంటసేపు మొండికేశాను. "ఇన్‌ఛార్జివి నువ్వు. నువ్వు కాకపోతే నీ కుర్చీలోకొచ్చే ఇంకొకరు పెడతారు" అన్నాడు…

లేదు లేదు, మనవాళ్ళనేం అనకండి. ఎవరూ చాడీలు చెప్పలేదు. నేనే పంపాను.

నేనే బాబాయ్… సోమవారం మీటింగ్‌లో ఎవరేం తప్పు చెప్పుకున్నారో రాసుకునేదాన్ని కదా, ఆ పుస్తకం.

ఎందుకేమిటి, గొప్ప కోసం! "మీ డిపోలో అందరూ ఒక ఇంటివాళ్ళలా ఉంటారట, ఎలా చేశారు?" అని పైవాళ్ళు అడిగారు. ఉబ్బిపోయాను. మిగతా డిపోలకి చూపిస్తామంటే పేజీలన్నీ ఫొటోలు తీసి పంపేశాను. బస్సు చక్రం నట్లు బిగించడం మర్చిపోయానని మీరు చెప్పారే, గేటు దగ్గర డ్రైవరు చూడబట్టి సరిపోయిందని… అది మూడో పేజీలో ఉంది.

…నవ్వకండి బాబాయ్. నాలుగు తిట్టినా బాగుండును.

ఇరవై ఆరేళ్ళలో ఒక్క తప్పూ ఒప్పుకోని మనిషి మీరు. "ఏంటమ్మాయ్, మెకానిక్కులతో ఈ చిన్నపిల్లల ఆటలు" అని రెండు వారాలు మూలన నిలబడి టీ తాగేసి పోయారు. నేనే వెంటపడ్డాను. ముందు నా తప్పు చెప్పాను. ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదని అందరి ముందూ మాటిచ్చాను.

నా చేతిలో ఏముందని ఇచ్చానో!

…ఇవాళా? పెట్టాను మీటింగ్.

వచ్చారు, పదకొండు మందీ. మీ స్టూలు మీద ఎవరూ కూర్చోలేదు. "ఈ వారం నేను పెద్ద తప్పు చేశాను" అని మొదలుపెట్టాను… అంతలోనే మాట మార్చి, ముందు మీరు చెప్పండి అనేశాను.

వాళ్ళా… "ఏం లేదు మేడమ్". వరసగా. పదకొండు మందీ అదే మాట. నిన్నమొన్నటిదాకా నోరారా అక్కా అన్నవాళ్ళు.

…అదే నా భయమూను, తప్పు జరిగినా దాస్తారని. పొద్దున్నుంచి నలభై బస్సులు బయటికెళ్ళాయి.

ఏంటీ… ఏ బండి?

పదిహేడో నంబరు… బ్రేకు గొట్టం సరిగ్గా బిగించలేదా? మీకెలా…

మనవాడే ఒకడు ఫోన్ చేసి చెప్పాడా. ఎప్పుడు? …మీటింగ్ అయ్యాకా?

అంటే, నా ఎదురుగా నిలబడి "ఏం లేదు మేడమ్" అని, అటునుంచి అటే వెళ్ళి మీకు చేశాడన్నమాట.

సరే, ఎవరని అడగను. …అడగనన్నానుగా!

ఆపుతాను. ఎక్కడుంటే అక్కడే నిలిపెయ్యమని డ్రైవరుకి ఇప్పుడే చెప్తాను…

…ఆ. తెలుసు. దారిలో బండి ఆపితే కారణం రాసివ్వాలి. ఆ బండికి పనిచేసిందెవరో పనిచీటీలో ఉంటుంది. నేను దాచినా పైవాళ్ళు లాగుతారు, వాడికీ మీ గతే పడుతుంది.

మీకూ తెలుసు కదా… తెలిసే చెప్పారా?

…

అవును బాబాయ్. బండి నిండా జనం. చెప్పక ఏం చేస్తారు.

…ఏడవట్లేదు.

ఇక మీదట వాళ్ళు మీకు కూడా చెప్పరు బాబాయ్.

ఉంటాను. ముందు బండి ఆపాలి.