తనని తిట్టిన పాటకి గిటారు వాయించినవాడు

ఆపకమ్మా, ఉండనీ. ఫోన్లో పాట వస్తుంటే బొటనవేలితో తోసేస్తావేంటి? ఏడుపుగొట్టు పాటా? ఏడుపుగొట్టుదే మరి. ఇది ఫ్లోరిండా పాట. మన ఊరిదే, ఎవారిస్తో పెళ్ళాం. నీకు తెలీదులే, మీ అమ్మే పుట్టలేదప్పటికి. ఇందులో టకటకా బొంగో డప్పు కొట్టేది ఎవరనుకున్నావ్? మీ తాతే! నవ్వకు. అప్పుడీ వేళ్ళు ఇలా వంకర్లు పోలేదు.

ఎవారిస్తో నా స్నేహితుడు. పగలు కోకో తోటలో పని, సాయంత్రమైతే గిటారు. ఫ్లోరిండాని పదిహేనేళ్ళకే తెచ్చుకున్నాడు. ఆ రోజుల్లో అంతే, గుర్రం మీద ఎక్కించుకొచ్చేస్తే పెళ్ళైపోయినట్టే. చర్చి ఫాదరు ఎప్పుడో తీరికైనప్పుడు వచ్చి దీవించేవాడు. ఎవారిస్తో మాత్రం ఎంత, మీసాలే సరిగ్గా రాలేదు. కొన్నేళ్ళకి ఆ పిల్ల ఈ పాట కట్టింది. "చిన్నదాన్ని, తెలీక వచ్చాను, మళ్ళీ ఆ వయసిస్తే నీ గుమ్మం తొక్కను" అని. మొగుడి మీదే! దానికి గిటారు వాయించేదెవరు? ఆ మొగుడే! కొట్టు ముందు డామినోలాడే సన్నాసులు ఊరుకుంటారా? "ఏం ఎవారిస్తో, ఇవాళ తిట్లకి తాళం బాగా కుదిరిందా?" అనేవాళ్ళు. వాడు నవ్వేసి తీగలు బిగించుకునేవాడు. వాళ్ళమ్మ తోమసీనా ఉందే, ఆవిడ గొంతు ఏటి అవతలకి వినపడేది. "నా కొడుకు పరువు నా కొడుకే బజార్న పెడుతున్నాడు తల్లో!" అని. అరటికాయ ముద్ద మాత్రం ఆవిడే చెయ్యాలి, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు... ఏం చెప్తున్నాను? ఆఁ, రికార్డు.

ఊరి పండగలో పాట విని రికార్డులాయన ఒకడు రాజధానికి రమ్మన్నాడు. ఎవారిస్తో పంపడనే అన్నారు ఊరంతా. పంపడమేంటి, తనే చొక్కా ఇస్త్రీ చేసుకుని బయల్దేరాడు. బొంగోతో నేనూ వెళ్ళాను, రికార్డు చేసే గాజు గదిలో ముగ్గురం కూర్చున్నాం. ఫ్లోరిండా పాడుతూ పాడుతూ వాడి మొహం చూసింది. చూసి, "నీ గుమ్మమే తొక్కుతాను" అనేసింది. జాలేసిందేమో మరి. వాడు టక్కున గిటారు ఆపేశాడు. "పాట తప్పావు" అన్నాడు. "తప్పలేదు, మార్చాను." "మార్చకు ఫ్లోరిండా. వంటింట్లో ఏడుస్తూ కట్టావు దీన్ని. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అప్పుడేం పాడావో అదే పాడు." అంత మగాణ్ణి నేను మళ్ళీ చూళ్ళేదు.

పాట అయ్యాక ఆమెని ఇంకో పాటకి ఉండమన్నారు. ఆమె వీడి వైపు చూసింది. "ఉండు, నీకు ఇక్కడ బావుంది" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో పక్క సీట్లో గిటారు పెట్టుకుని కూర్చున్నాడు. తోమసీనా వాకిట్లోనే నిలబెట్టేసింది, "కోడలేదిరా?" అని. "పాడుతోందమ్మా" అన్నాడు. అంతే. ఆమె మళ్ళీ రాలేదు. వీడు మళ్ళీ పెళ్ళాడలేదు. పోయేదాకా కొట్టులో రేడియో పెట్టమని, ఈ పాటొస్తే పెద్దది చెయ్యమనేవాడు.

కొంచెం పెంచు. "తొక్కను" అంటుంది చూడు, అది అవ్వగానే వాడి గిటారు ఎలా లేస్తుందో... తనని వద్దన్న మాటకి అంత ప్రేమగా ఎవడు వాయిస్తాడే? అదిగో, వస్తోంది. మాట్లాడకు.